నడుం నొప్పి మిషన్‌తో పోతుందా?

సికింద్రాబాద్: నడుం పట్టేస్తే పల్లెల్లో ముందుగా వెతికేది ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషిని. ఆ మనిషి కాలితో తొక్కితే పట్టు విడుస్తుందని నమ్మకం. అప్పటికీ తగ్గకపోతే ఏ రైలో బస్సో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగుతారు. నాట్లు వేసే ఆడకూతుళ్ళు, బస్తాలు మోసే హమాలీలు, ట్రాక్టరు మీద కుదుపులు తినే డ్రైవర్లు ఇలా వస్తూంటారు.

ఇక్కడ ఫిజియోథెరపీ గదిలో వారికి ఒక చిన్న పెట్టె, దానికి తీగతో తగిలించిన గుండ్రటి పిడి కనిపిస్తాయి. నడుముకు చల్లటి జెల్ రాసి, పిడిని ఐదు పది నిమిషాలు గుండ్రంగా తిప్పుతారు. నొప్పి ఉండదు, చప్పుడు వినిపించదు. 'కరెంటు పెట్టారు' అని ఊరికెళ్ళి చెప్పుకొంటారు. నిజానికి ఒంట్లోకి పోయేది కరెంటు కాదు, ధ్వని. దీనినే అల్ట్రాసౌండ్ చికిత్స అంటారు.

చెవికందని చప్పుడు

మనిషి చెవి సెకనుకు 20 వేల కంపనాల వరకే వినగలదు. ఈ యంత్రం సెకనుకు 10 లక్షలు లేదా 30 లక్షల కంపనాలు పుట్టిస్తుంది. 10 లక్షల తరంగాలు కండలోకి కొన్ని సెంటీమీటర్ల లోతుకు పోతాయి. 30 లక్షలవి పైపైనే ఆగిపోతాయి. అందుకే నడుముకు మొదటి రకం, మణికట్టు వంటి చోట్లకు రెండో రకం వాడతారు.

కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనుగొన్నారు. అదే స్ఫటికానికి విద్యుత్తు ఇస్తే కంపిస్తుంది. పిడిలో జరిగేది ఇదే. ఈ తరంగాలు గాలి పొరను దాటలేవు కాబట్టే జెల్ రాయాలి. పిడిని కదపకుండా ఒకేచోట ఉంచితే లోపలి కండ కాలే ప్రమాదముంది.

గర్భిణులకు చేసే స్కానింగు కూడా ఇటువంటి ధ్వనితోనే. అయితే స్కానింగు లోపలి బొమ్మ చూపిస్తుంది, ఈ మిషన్ ఏమీ చూపించదు. కాబట్టి మిషన్ పెట్టించుకున్నంత మాత్రాన జబ్బేమిటో తేలినట్టు కాదు.

ఎముకల సర్దుబాటు

వెన్నుపూసలను చేత్తో ఒక్క ఊపున సర్దే కైరోప్రాక్టిక్ వైద్యాన్ని 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డి.డి. పామర్ మొదలుపెట్టారు. సర్దేటప్పుడు 'టక్'మని వినిపించేది ఎముక చోటికి చేరిన చప్పుడు కాదు. కీలులోని ద్రవంలో వాయువు చేసే శబ్దం. ఈ వైద్యులు కూడా బిగుసుకున్న కండలను సడలించడానికని అల్ట్రాసౌండ్‌ను తోడుగా వాడుతుంటారు. మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు ప్రత్యేక మండలి లేదు. ఫిజియోథెరపిస్టులు మాత్రం 2021లో వచ్చిన కేంద్ర చట్టం పరిధిలో ఉన్నారు. కాబట్టి వెన్ను మీద చేయి వేయనిచ్చే ముందు ఆ మనిషి ఏం చదివారో అడగడం తప్పు కాదు.

గుణం ఎంత?

మామూలు నడుం పట్టు చాలామందికి కొద్ది వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ పేరు మిషన్‌కో, తొక్కిన కాలికో దక్కుతుంది. మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో సూచనలు వెలువరించింది. అల్ట్రాసౌండ్, నడుం బెల్టులు, బరువులు కట్టి లాగడం వంటివి మామూలుగా వాడవద్దని అందులో చెప్పింది. వ్యాయామం చేయించాలని, నొప్పి గురించి రోగికి వివరించాలని సూచించింది. చేత్తో వెన్ను సర్దే పద్ధతిని కూడా కొందరికి ఉపయోగపడవచ్చునన్న వాటిలో చేర్చింది. బ్రిటన్‌లో 2016లోనే నడుం నొప్పికి అల్ట్రాసౌండ్ ఇవ్వవద్దని వైద్యులకు మార్గదర్శకాలు వచ్చాయి.

రోజుకూలీకి ఇది చిన్న విషయం కాదు. పది సిట్టింగులంటే పది రోజుల కూలి, పది మార్లు దారి ఖర్చు పోయినట్టే. ముందుగానే డబ్బంతా కట్టమంటే ఆగి ఆలోచించాలి. జబ్బేమిటి, మిషన్ ఎందుకు, ఇంట్లో చేసుకోవలసిన వ్యాయామాలేమిటి అని అడగాలి. ఆ వ్యాయామాలు నేర్పని చోట మిషన్ ఒక్కటీ పెట్టించుకుని లాభం లేదు.

ఎవరికి పనికిరాదు?

గర్భిణులకు పొట్ట, నడుము మీద ఈ మిషన్ పెట్టకూడదు. క్యాన్సర్ గడ్డ, కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం, చీము పట్టిన చోటు, స్పర్శ తెలియని చర్మం, గుండెకు పేస్‌మేకర్ అమర్చిన భాగం మీదా వద్దు. ఇవేమైనా ఉంటే ముందే చెప్పాలి.

నడుం నొప్పితో పాటు మలమూత్రాలు పట్టు తప్పినా, కూర్చునే భాగం తిమ్మిరెక్కినా, కాళ్ళు చచ్చుబడుతున్నా మిషన్, మర్దన, తొక్కుడు అన్నీ పక్కన పెట్టి అదే రోజు పెద్దాసుపత్రికి చేరాలి. జ్వరం, బరువు తగ్గడం తోడైనా, పడిన తరువాత నొప్పి మొదలైనా ఆలస్యం కూడదు. ఒకప్పుడు సికింద్రాబాద్ స్టేషను దగ్గర ఉన్న గాంధీ ఆసుపత్రి 2003లో ముషీరాబాద్‌కు మారింది. ప్రభుత్వ ఆసుపత్రి కనుక సిట్టింగుల లెక్కన డబ్బు కట్టే ముందు అక్కడి ఎముకల విభాగంలో ఒకసారి చూపించుకోవడం మేలు.