ప్రకృతి త్రాసు - మనుష్యుని చేయి

లోకమున ఆడపిల్లలు, మగపిల్లలు సరిసమానముగా పుట్టుచుందురని మనము తలచుచుందుము. జననపు లెక్కలు మాత్రము మరియొక మాట చెప్పుచున్నవి. మనుష్యుడు చేయి పెట్టని చోట 100 మంది బాలికలకు సుమారు 105 మంది బాలురు పుట్టుచున్నారు. ఈ స్వల్పమైన మొగ్గు ఎందులకు? అది చోటునుబట్టియు, కాలమునుబట్టియు ఏల మారుచున్నది? పండితులు మూడు శతాబ్దములకు పైగా ఆలోచించుచున్న ప్రశ్న యిది.

1662లో లండను వర్తకుడు జాన్ గ్రాంట్ ఆ నగరపు జనన మరణ పట్టికలను పరిశీలించి, 13 మంది బాలికలకు 14 మంది బాలురు పుట్టుచున్నారని వ్రాసెను. తరువాత జాన్ ఆర్బత్‌నాట్ అను వైద్యుడు 1629 మొదలు 1710 వరకు 82 సంవత్సరముల జ్ఞానస్నానముల లెక్కలు తీసెను. ఏ ఒక్క సంవత్సరమునను బాలికల సంఖ్య మించలేదు. నాణెము నెగురవేసినచో వరుసగా 82 మారులు బొమ్మయే పడునా? పురుషులు జీవనోపాధికై అపాయముల పాలై ఎక్కువగా మరణింతురు గనుక, ఆ లోటు తీర్చుటకు దైవమే ఇట్లు ఏర్పరచినదని అతడు నిశ్చయించెను.

నేటి జీవశాస్త్రము మరికొంత లోతునకు పోయినది. తల్లి అండములో నుండునది ఎల్లప్పుడును ఎక్స్ క్రోమోజోమే. తండ్రి బీజములో ఎక్స్ యుండినచో ఆడశిశువు, వై యుండినచో మగశిశువు కలుగును. ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించుట ఎంత అవివేకమో దీనినిబట్టియే తెలియును. 2015లో వెలువడిన ఒక విస్తృత పరిశోధన ప్రకారము, గర్భధారణ సమయమున ఇరువురి సంఖ్యయు ఇంచుమించు సమానమే. గర్భములో నష్టపోవు పిండములలో ఆడపిండములు మొత్తముమీద కొంచెము హెచ్చు. అందుచేత పుట్టుకనాటికి బాలురు ఒక పాలు మించుచున్నారు. పుట్టిన పిదప శైశవమున మగశిశువులు ఎక్కువగా మరణింతురు. యౌవనమునాటికి త్రాసు దాదాపు సరియగును.

ఈ నిష్పత్తిలో సహజమైన చలనములును కలవు. రెండు ప్రపంచయుద్ధముల కాలమున పలు ఐరోపా దేశములలో బాలుర పాలు రవంత పెరిగినది. కాని ఇట్టి మార్పులు మిక్కిలి స్వల్పములు. ఇక చిన్న సంఖ్యలలో యాదృచ్ఛికమునకు బలమెక్కువ. ఒక పల్లెలో ఏడాదికి 20 కాన్పులై, అందు 12 మంది బాలురైనచో ఆశ్చర్యపడ నక్కరలేదు. 20,000 కాన్పులలో 12,000 మంది బాలురైనచో మాత్రము కారణము వెదకవలసినదే.

అట్లు వెదకినవాడు ఫ్రాన్సు దేశపు గణితవేత్త లాప్లాస్. ఆ దేశమున బాలుర, బాలికల నిష్పత్తి సుమారు 22కు 21 కాగా, పారిస్ నగరమున 25కు 24గా నుండెను. అనగా అచ్చట బాలికల పాలు కొంచెము హెచ్చు. భేదము ఇంతే, ఐనను లక్షల కాన్పులలో ఇంత భేదము ఊరక రాదని అతడు గ్రహించెను. ఆ నగరపు అనాథ శిశు శరణాలయమునకు చుట్టుప్రక్కల పల్లెలనుండి బిడ్డలు వచ్చుచుండిరి. కొడుకును ఇంట నుంచుకొని కూతురిని విడిచిపెట్టు తల్లిదండ్రులు కొంత ఎక్కువ కావున, ఆ పసికందులలో బాలుర, బాలికల నిష్పత్తి 39కి 38గా నుండెను. వారిని లెక్కనుండి తీసివేయగా పారిస్ నిష్పత్తియు 22కు 21 అయ్యెను. మారినది ప్రకృతి కాదు, తల్లిదండ్రుల మనస్సు!

మన కాలమున ఆ మనస్సునకు యంత్రము తోడైనది. గర్భస్థ శిశువు ఆడో మగో తెలిసికొను వీలు కలిగిన పిదప, దక్షిణ కొరియాలో 1990నాటికి 100 మంది బాలికలకు 116 మందికి పైగా బాలురు పుట్టిరి. లింగనిర్ధారణను చెప్పరాదను నిషేధము 1987లోనే వచ్చినను వంపు వెంటనే సరికాలేదు. స్త్రీ విద్యయు, ఉద్యోగములును పెరిగినవి. కుటుంబమునకు పురుషుడే పెద్ద యను చట్టపద్ధతి 2008లో తొలగినది. ఆ యేండ్లలోనే నిష్పత్తి సహజస్థితికి చేరినది. 2024లో అచ్చటి రాజ్యాంగ న్యాయస్థానము ఆ నిషేధమునే కొట్టివేసినది.

మన దేశమున లింగనిర్ధారణ నిషేధ చట్టము 1994లో చేయబడినది. ఆరేండ్లలోపు పిల్లలలో 1,000 మంది బాలురకు బాలికలు 1991లో 945 మంది, 2001లో 927 మంది. 2011లో ఆ సంఖ్య 920కి దిగువకు జారినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో 975, 2001లో 961 ఉండగా, 2011లో 940 ప్రాంతమునకు దిగినది. 105కు 100 అను సహజ నిష్పత్తి ప్రకారము పుట్టుకలో 1,000కి 952 ఉండవలెను. తెలుగునాడు ఆ గీతను దాటి క్రిందికి వచ్చినదన్నమాట. ఈ లెక్కలో పుట్టనీయని ఆడపిల్లలును, పుట్టియు ఆదరణ లేక రాలిపోయిన ఆడపిల్లలును దాగియున్నారు.

ఉపాధ్యాయులకు ఇందు ఒక పని కలదు. పాఠశాల ప్రవేశపట్టికను ముందుంచుకొని, పది పన్నెండేండ్ల లెక్కలను విద్యార్థులచేత కూడింపుడు. ప్రభుత్వ పాఠశాలలో బాలికలే ఎక్కువగా కనబడినచో, ఊరిలో ఆడపిల్లలకు కొరత లేదని తొందరపడి సంతసింపరాదు. కొడుకును రుసుము చెల్లించి ప్రైవేటు బడికి పంపి, కూతురిని ఇచ్చట చేర్చిన ఇండ్లెన్నియో విచారింపవలెను. పారిస్ శరణాలయపు లెక్కలో లాప్లాస్ కనుగొన్నది మన ఊరి పట్టికలోను ఉన్నదో లేదో విద్యార్థులే తేల్చి చెప్పగలరు.