నాయన బండికి మళ్లీ ప్రాణం!

కొట్టంలో మూలనపడ్డ రాజ్‌దూత్‌ 350 మళ్లీ రోడ్డెక్కాలంటే డబ్బొక్కటే చాలదు. ఓ చలికాలమంత ఓపిక కావాలి. ఏది మార్చాలో, ఏది మార్చకూడదో తెలియాలి.

'పాత ఇనుప సామాన్లు కొంటాం...' వీధిలో కేక వినపడగానే కొన్ని ఇళ్లలో వాదన మొదలవుతుంది. నందవరంలోనైనా, పక్కనున్న ఎమ్మిగనూరు, ఆదోనిలోనైనా అదే కథ. పశువుల కొట్టంలో గోనెపట్టా కప్పుకున్న మోటార్‌సైకిల్‌ గురించే గొడవంతా. 'చోటు దండగ, ఇచ్చేయండి' అంటారు ఒకరు. 'నాయన బండి, ఎట్లా ఇస్తాం?' అంటారు ఇంకొకరు. ఆ పట్టా కింద ఉన్నది రాజ్‌దూత్‌ 350 అయితే మాత్రం తూకానికి వేయకముందు ఒక్క క్షణం ఆగాల్సిందే. బాగుచేసిన ఆ బండికి ఇవాళ అభిమానులు లక్షల్లో ధర పెడుతున్నారు మరి!

పాలబండి పేరు... పందెంగుర్రం జోరు

కపిల్‌దేవ్‌ సేన ప్రపంచకప్‌ గెలిచిన 1983లోనే ఈ బండీ మనదేశంలో అడుగుపెట్టింది. జపాన్‌లో యమహా 1973లో తెచ్చిన ఆర్‌డీ350ని ఎస్కార్ట్స్‌ సంస్థ ఇక్కడ రాజ్‌దూత్‌ పేరుతో తయారుచేసింది. అప్పటికి రాజ్‌దూత్‌ అంటే పాలక్యాన్లు మోసే 175 సీసీ బండే అందరికీ తెలుసు. ఇదేమో 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్‌ ఇంజిను, ఆరు గేర్లు! ఎక్కువ శక్తి ఉన్న రకానికి 30.5 హార్స్‌పవర్‌, తక్కువ రకానికి 27. ఆ రోజుల్లో బుల్లెట్‌ 350 శక్తి 18 దగ్గరే ఉండేది.

అంత జోరున్నా వ్యాపారంలో గెలవలేదు. పెట్రోలు బాగా తాగేది. విడిభాగాల ఖరీదూ ఎక్కువే. మైలేజీ లెక్కలు చూసుకునే మధ్యతరగతి దూరంగానే నిలబడింది. ఆ దశాబ్దం ముగిసేసరికి తయారీ ఆగిపోయింది. కానీ మోజు ఆగలేదు. క్రికెటర్‌ ధోనీ బండ్ల సేకరణలోనూ దీనికి చోటుంది.

చలికాలమే ఎందుకు?

వానాకాలపు తేమలో రంగు వేస్తే మెరుపు పోయి తెల్లగా మసకబారుతుంది. ఎండాకాలం రేకుల షెడ్డు కింద కూర్చుని పని చేయడం కర్నూలు జిల్లాలో ఎవరివల్లా కాదు. పైగా పత్తి అమ్మిన డబ్బు చేతిలో ఆడేదీ చలికాలంలోనే. జనవరిలో జరిగే ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర నాటికి బండి బయటికి తీయాలని ముహూర్తం పెట్టుకోవచ్చు. అయితే విడిభాగాల వేటలోనే నెలలు గడిచిపోతాయి. తొందరపడి నకిలీ సామాను వేస్తే చేసిన పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

విప్పే ముందే ఫొటోలు

అనుభవమున్న మెకానిక్కులు చెప్పే మొదటి సూత్రం... పానా పట్టకముందే ప్రతి వైరునూ, ప్రతి బోల్టునూ ఫొటో తీసుకోవడం. విప్పిన నట్లను డబ్బాల్లో వేసి పేర్లు రాసి పెట్టుకోవాలి. మూడునెలల తర్వాత ఏ నట్టు ఎక్కడిదో గుర్తుండదు కదా!

అసలు జబ్బు చాలాసార్లు చిన్న రబ్బరు ముక్కలోనే ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్‌కు రెండు చివర్లా ఉండే ఆయిల్‌ సీళ్లు ఏళ్లతరబడి వాడకపోతే గట్టిపడిపోతాయి. సందుల్లోంచి గాలి చొరబడుతుంది. గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే ఇంజిను వేడెక్కి పిస్టన్‌ పట్టేస్తుంది. వేగంగా వెళ్తుండగా పట్టేసిందంటే వెనకచక్రం బిగుసుకుపోతుంది. అందుకే పైపై మెరుగులకన్నా ముందు ఈ సీళ్లు మార్చాలి. సిలిండర్లు అరిగితే లేత్‌ షాపులో బోరు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్లు వేయించుకోవాలి. రెండు కార్బ్యురేటర్లనూ సమానంగా సర్దాలి. ఒకటి ముందు, ఒకటి వెనకైతే బండి సాఫీగా నడవదు.

ఆయిల్‌ పంపు సంగతీ మరవకూడదు. ఇంజినుకు టూటీ ఆయిల్‌ అందించేది అదే. దాంట్లో గాలి బుడగ మిగిలినా కొత్త పిస్టన్లు నాశనమవుతాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోలు. పాతకాలపు రబ్బరు పైపులు దానికి తట్టుకోలేవు. కొత్తరకం పైపులు వేయాలి. నెలలతరబడి పెట్రోలు నిల్వ ఉంచితే ట్యాంకు లోపల తుప్పూ పడుతుంది.

సోకులు వద్దు... సౌకర్యం ముద్దు

కొత్త హంగులు పెట్టడం తప్పుకాదు. కానీ బండి రూపం చెడకూడదు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్‌ ఇగ్నిషన్‌ పెడితే స్టార్టింగ్‌ కష్టాలు తగ్గుతాయి. బయటికి కనిపించదు కూడా. అన్నిటికన్నా ముఖ్యం బ్రేకు. జపాన్‌ బండికి ముందు డిస్క్‌ బ్రేకు ఉంటే, ఇక్కడ ఖర్చు తగ్గించేందుకు డ్రమ్‌ బ్రేకు ఇచ్చారు. అంత వేగానికి అది చాలదన్న ఫిర్యాదు అప్పట్నుంచీ ఉంది. జపాన్‌ రకానికి ఉన్నట్టే డిస్క్‌ అమర్చుకుంటే పాత అందానికి లోటు రాదు, ప్రాణానికీ భరోసా. అయితే ఆర్సీలో ఉన్న వివరాలకు తేడావచ్చే మార్పు ఏది చేయాలన్నా ముందు రవాణా కార్యాలయంలో అడగాలి. రంగు మార్చినా ఆర్సీలో రాయించాల్సిందే. ఊరంతా అదిరేలా సైలెన్సర్లు బిగిస్తే అభిమానం కాస్తా జరిమానా అవుతుంది.

కాగితాలే అసలు ఇంజిను

బైకు ఆర్సీ గడువు 15 ఏళ్లు. ఆపైన ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. కాబట్టి రంగు డబ్బా కొనేముందే ఆర్సీ వెతకాలి. ఛాసిస్‌, ఇంజిను నంబర్లు దాంతో సరిపోతున్నాయో లేదో చూడాలి. తుప్పు గీకే ఉత్సాహంలో ఆ నంబర్లు చెరిగిపోతే పడ్డ కష్టమంతా వృథా. 50 ఏళ్లు దాటినవాటికి 2021లో కేంద్రం 'వింటేజ్‌' రిజిస్ట్రేషన్‌ తెచ్చింది. మన 1983 బండి ఆ హోదాకి 2033 వరకూ ఆగాల్సిందే!

అన్నీ కుదిరాక ఓ చలి ఉదయం చోక్‌ లాగి కిక్‌ కొడితే... మొదట నీలిపొగ, వెనకే రెండు సిలిండర్ల చప్పుడు. కొత్త పిస్టన్లు కుదురుకునేదాకా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగానే నడపాలి. మంచిదే, వెనకసీటులో నాయనను కూర్చోబెట్టుకునేందుకు ఆ వేగమే సరైంది. ఇద్దరికీ హెల్మెట్‌ మాత్రం కొత్తదే కొనాలి. అదొక్కటీ పాతది పనికిరాదు!