ఐజ్వాల్ గెలిచిన ఏడాది



ఫుట్‌బాల్ గురించి మాట్లాడతానంటే, "మనకెందుకమ్మా ఆ గోల!" అని మీలో కొందరు రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోతారేమో. కాస్త ఆగండి. అన్నం చల్లారిపోతోందని పిలిచినా పిల్లలు టీవీ ముందు నుంచి లేవరు. "ఇంకా రెండు మ్యాచ్‌లున్నాయి, మూడు పాయింట్లు వెనకబడ్డాం" అంటూ వేళ్ల మీద లెక్కలు కడుతూంటారు. ఆ లెక్క ఏమిటో తెలిస్తే మన చిరాకు సగం తగ్గుతుంది. మిగతా సగానికి నా దగ్గర మందు లేదు.

బంతాట పోటీలు రెండు రకాలు. ఒకటి మనం ఆడే కుర్చీలాట లాంటిది. ఓడినవాళ్లు అప్పటికప్పుడు బయటికి నడవాలి. చివరికి ఇద్దరు మిగులుతారు, వాళ్లలో ఒకరు గెలుస్తారు. దాన్ని నాకౌట్ అంటారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు మన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు బొంబాయి వెళ్లి గెలుచుకొచ్చిన రోవర్స్ కప్పు అలాంటిదే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారే 1962లో ఆసియా క్రీడల్లో భారత జట్టుకు బంగారు పతకం సాధించిపెట్టారు.

రెండో రకం లీగు. ఇది పాలవాడి లెక్క వంటిది. ఒకరోజు పాలు రావు, మరో రోజు చుట్టాలొచ్చారని అర లీటరు ఎక్కువ పోయించుకుంటాం. అన్నిటికీ క్యాలెండరు మీద గీతలు పెట్టి, నెలాఖరున కూడతాం. లీగులో ప్రతి జట్టూ మిగిలిన జట్లన్నిటితోనూ రెండేసిసార్లు ఆడుతుంది, ఒకసారి తన ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో. గెలిస్తే మూడు పాయింట్లు. సమానంగా ముగిస్తే చెరొకటి. ఓడితే సున్న. ఫైనల్ అంటూ వేరే ఏమీ ఉండదు. నెలల తరబడి ఆడాక ఎవరి కూడిక ఎక్కువైతే వాళ్లదే కప్పు. అట్టడుగున నిలిచిన జట్టును కింది తరగతికి దింపుతారు, కింది తరగతిలో ముందు నిలిచినవాళ్లను పైకి ఎక్కిస్తారు. మన దేశంలో జాతీయ స్థాయిలో ఇలాంటి లీగు 1996లో గాని మొదలు కాలేదు. 2007 నుంచి దాన్నే ఐ-లీగ్ అన్నారు.

వట్టి సూత్రాలు చెబితే మనసుకెక్కదు. ఒక ఏడాది కథ చెబుతాను.

మిజోరం మన దేశానికి ఈశాన్య మూలన, బర్మా సరిహద్దులో ఉన్న చిన్న రాష్ట్రం. 2011 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రం మొత్తం మీద పదకొండు లక్షల మంది కూడా లేరు. రాజధాని ఐజ్వాల్‌లో మూడు లక్షలకు కాస్త తక్కువ. ఊరంతా కొండ వాలు మీద ఒకదాని పైన ఒకటి పేర్చినట్టున్న ఇళ్లే. బజారులో కొట్లు నడిపేది చాలావరకు ఆడవాళ్లే. ఇరవై ఏళ్లు తిరుగుబాటుతోనూ కర్ఫ్యూలతోనూ నలిగిన ఆ ప్రాంతంలో 1986లో గాని శాంతి ఒప్పందం కుదరలేదు. అంతకు రెండేళ్ల ముందే, 1984లో, ఐజ్వాల్ ఫుట్‌బాల్ క్లబ్ పుట్టింది.

అక్కడ చదరపు నేల దొరకడమే కష్టం. అయినా పిల్లలకు బంతి అంటే ప్రాణం. బాగా ఆడేవాళ్లు పొట్ట చేతబట్టుకుని కలకత్తా పెద్ద క్లబ్బులకు వెళ్లేవారు. 2012లో సొంతంగా మిజోరం ప్రీమియర్ లీగు పెట్టుకుని, ఊళ్లోని కేబుల్ టీవీలోనే మ్యాచ్‌లు చూపించడం మొదలుపెట్టారు. రెండేళ్లు తిరగకుండానే, 2014లో, మిజోరం సంతోష్ ట్రోఫీ గెలిచింది.

ఐజ్వాల్ క్లబ్ మొదటిసారి ఐ-లీగ్‌లో ఆడింది 2015-16లో. తొమ్మిది జట్లలో ఎనిమిదో స్థానం. తొమ్మిదో జట్టు ఒక కంపెనీ తరఫున నేరుగా లీగులోకి వచ్చింది. అలా వచ్చిన జట్లను దింపకూడదని ముందే నియమం ఉండడంతో, ఆ వేటు ఎనిమిదో జట్టు మీద పడింది. చదివినవాడు ఫెయిలై, చదవనివాడు క్లాసులో ఉండిపోయినట్టయింది. ఆ మే నెలలోనే ఫెడరేషన్ కప్పు ఫైనల్ దాకా వెళ్లి, మోహన్ బగాన్ చేతిలో ఐదు గోల్స్ తిన్నారు. తిరిగి ఒక్కటీ వేయలేకపోయారు.

ఇంతలో ఒక విచిత్రం జరిగింది. 2014లో పెద్ద వ్యాపారస్తులు, సినిమా తారలు, క్రికెట్ వీరులు కలిసి ఇండియన్ సూపర్ లీగ్ అని ఇంకొకటి పెట్టారు. ఇక మీదట దాన్నే పై తరగతి చేస్తామని ఫుట్‌బాల్ సమాఖ్య ఆలోచన బయటపెట్టింది. దానికి కోపగించి గోవాకు చెందిన డెంపో, సాల్గావ్‌కర్, స్పోర్టింగ్ క్లబ్బులు ఐ-లీగ్ నుంచి తప్పుకున్నాయి. కుర్చీలు ఖాళీ అయ్యాయి. వెళ్లిపోయిన ఐజ్వాల్‌ను మళ్లీ రమ్మన్నారు.

అప్పుడే ఇంకొకాయన కూడా ఖాళీగా ఉన్నాడు. ఖాలిద్ జమీల్ అనే శిక్షకుడు. ముంబయి ఎఫ్.సి. అనే జట్టును ఏడేళ్లు నడిపాడు. డబ్బున్న జట్టు కాదది. ఏటా కింద పడిపోకుండా కాపాడుకొస్తే అదే గొప్ప. 2016లో వాళ్లు ఇక నువ్వొద్దన్నారు. ఐజ్వాల్ ఆయన్ని పిలిచింది. ఆయన వెంట ముంబయి నుంచి ఆశుతోష్ మెహతా వంటి ఆటగాళ్లూ వచ్చారు. యుద్ధంతో అల్లాడుతున్న సిరియా దేశం నుంచి మహ్మూద్ అల్ అమ్నా వచ్చాడు. లైబీరియా నుంచి ఆల్ఫ్రెడ్ జర్యాన్, ఐవరీ కోస్ట్ నుంచి కామో బాయి. మిగతావాళ్లలో చాలామంది ఆ కొండల పిల్లలే. జట్టు ఖర్చు ఏడాదికి సుమారు రెండు కోట్లని అప్పట్లో పత్రికలు రాశాయి. మనకది పెద్ద మొత్తమే గాని, కలకత్తా, బెంగుళూరు జట్ల ఖర్చు దీనికి ఎన్నో రెట్లు.

2016-17లో జట్లు పది. తొమ్మిదింటితో రెండేసిసార్లు, అంటే ఒక్కొక్కరికి పద్ధెనిమిది ఆటలు. 2017 జనవరిలో మొదలై ఏప్రిల్ ఆఖరుదాకా సాగాయి. ఐజ్వాల్ ఆట చూడముచ్చటైనదేమీ కాదు. పెద్ద తేడాలతో ఎవరినీ చితకబాదలేదు. ఒక గోలు వేసుకోవడం, దాన్ని పొదివి పట్టుకుని కాపాడుకోవడం, అంతే. ఇల్లు జరుపుకోవడం తెలిసినవాళ్లకి ఆ పద్ధతి చప్పున అర్థమవుతుంది. బెంగుళూరు ముందటేడు విజేత. అది వెనకబడింది. ఈస్ట్ బెంగాల్ నడుమలో తడబడింది. ఐజ్వాల్ మాత్రం మూడు, మూడు, ఒకటి, మూడు అని గీతలు పెట్టుకుంటూ పోయింది.

ఇంకా రెండేసి ఆటలుండగా ఐజ్వాల్‌కి 33, మోహన్ బగాన్‌కి 33. మోహన్ బగాన్ అంటే 1889లో పుట్టిన క్లబ్బు. 1911లో తెల్లవాళ్ల జట్టును ఓడించి దేశమంతా పేరు తెచ్చుకుంది. ఆ రెండు జట్లూ ఏప్రిల్ 22న ఐజ్వాల్‌లోనే తలపడ్డాయి. గ్యాలరీ కిక్కిరిసిపోయింది. ఎంతసేపటికీ గోలు లేదు. ఆఖరి ఘడియల్లో జోహ్మింగ్లియానా రాల్తే అనే మిజో కుర్రవాడు తలతో కొట్టిన బంతి లోపలికి వెళ్లింది. ఇప్పుడు 36, 33.

మిగిలింది ఒక్క ఆట. బగాన్ గెలిస్తే 36కి వస్తుంది. ఐజ్వాల్ ఓడితే 36లోనే ఉండిపోతుంది. ఒక్క పాయింటు తెచ్చుకుంటే మాత్రం ఇక ఎవరూ అందుకోలేరు. మీ పిల్లలు వేళ్ల మీద కట్టే లెక్క ఇదే.

ఏప్రిల్ 30, ఆదివారం. మిజోరంలో ఆదివారం కొట్లు కట్టేసి చర్చికి వెళ్లే రోజు. ఆట షిల్లాంగ్‌లో, అక్కడి లజాంగ్ జట్టుతో. కొండ దారుల్లో బండ్లు కట్టుకుని వేలమంది ఐజ్వాల్ నుంచి వెళ్లారు. అదే వేళకు కలకత్తాలో బగాన్ చెన్నై జట్టుతో ఆడుతోంది. చివరి రోజు రెండు ఆటలూ ఒకే సమయానికి పెడతారు. అవతలివాళ్ల ఫలితం ముందే తెలిస్తే ఇవతల మతలబులు జరుగుతాయని ఆ జాగ్రత్త. తొమ్మిదో నిమిషంలోనే లజాంగ్ గోలు వేసింది. ఐజ్వాల్ ఓడిపోతోంది. మొదటి సగం అయిపోయింది, ఫలితం మారలేదు. నాలుగు నెలలు కూడబెట్టింది ఒక్క సాయంత్రం జారిపోయేలా ఉంది. 67వ నిమిషంలో విలియం లాల్‌నున్‌ఫెలా దాన్ని సమం చేశాడు. ఆ తర్వాత ఇరవై మూడు నిమిషాలూ వాళ్ల ఊపిరి ఎక్కడుందో ఊహించుకోండి. అక్కడ కలకత్తాలో బగాన్ గెలిచింది కూడా. ఆట ముగిసింది. 37, 36.

ఈశాన్య రాష్ట్రాల నుంచి ఒక జట్టు దేశపు లీగు గెలవడం అదే మొదలు. జట్టు తిరిగి వచ్చిన రోజు విమానాశ్రయం నుంచి ఊరిదాకా ముప్పై కిలోమీటర్ల ఘాట్ రోడ్డు పొడుగునా జనం నిలబడ్డారు. అన్నట్టు, ఆ ఏడు పట్టికలో అట్టడుగున పడి కింది తరగతికి దిగిపోయిన జట్టు ఏదనుకున్నారు? జమీల్‌ను వద్దన్న ముంబయి ఎఫ్.సి.

ఇక్కడితో ఆపితే కథ తియ్యగా ఉంటుంది గాని, తర్వాతి సంగతీ చెప్పాలి. మరుసటి ఏడాది నుంచి రెండు లీగులూ పక్కపక్కనే నడిచాయి. డబ్బు, టీవీ, ఆటగాళ్లు అన్నీ సూపర్ లీగ్ వైపే. దేశ విజేతలమైన మాకు అందులో చోటివ్వరా అని ఐజ్వాల్ క్లబ్బువాళ్లు నిరాహార దీక్ష చేస్తామన్నారు. ఇవ్వలేదు. అక్కడ చోటు ఆడి సంపాదించేది కాదు, కొనుక్కునేది. మన హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో అలాగే, మూతబడిన పుణే జట్టు స్థానంలో వచ్చింది. 2022లో సూపర్ లీగ్ కప్పూ గెలిచింది. మనకు సంతోషమే, కాదనను. కాని కింది మెట్టు నుంచి ఎక్కి వచ్చిన మొదటి జట్టు, పంజాబ్, సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది 2023లో. అప్పటికి ఐజ్వాల్ గెలిచి ఆరేళ్లయింది. ఆ గెలుపు వాళ్లకు పై తరగతిలో చోటు తెచ్చిపెట్టలేదు. అది న్యాయమని నాకైతే అనిపించదు.

జమీల్ ఆ ఏడే ఐజ్వాల్ వదిలి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. తర్వాత ఇంకా కొన్ని జట్లకు శిక్షణ ఇచ్చాడు. 2025 ఆగస్టులో భారత జట్టుకే శిక్షకుడయ్యాడు. మీ అబ్బాయి టీవీ ముందు ఆ పేరు ఎత్తినప్పుడు, ఆ 37, 36 లెక్క మీరే అడిగి చూడండి. వాడికి తెలియకపోతే భోజనం అయ్యాక చెబుతాననండి.