ఆదుకునే చేతులకూ ఆదరణ కావాలి

కె.గంగవరం మండలంలోని కోటిపల్లి రేవు దగ్గర గోదావరిలో ఎవరైనా గల్లంతయ్యారంటే ముందు కబురు వెళ్లేది పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి. పడవలు వేసుకుని వెతకడానికి మత్స్యకారులు దిగుతారు. ఇంట్లో ఎవరైనా ప్రాణం తీసుకోబోతే 108 అంబులెన్సు వస్తుంది. పోయినవారి కోసం మనం కన్నీరు పెడతాం. వారిని మోసుకొచ్చిన చేతుల గురించి మాత్రం ఆలోచించం.

2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నట్టు జాతీయ నేర గణాంక సంస్థ నమోదు చేసింది. ఆ ఇళ్లకు ముందుగా వెళ్లినవారిని డ్యూటీ దిగాక కూడా ఆ దృశ్యాలు వెంటాడతాయి. నిద్ర పట్టకపోవడం, చిన్నమాటకే కోపం, మద్యం పెరగడం, ఎవరితోనూ కలవకపోవడం, ‘నేనుండి ఏం లాభం’ అనడం దాని గుర్తులు. ఇది పిరికితనం కాదు, మనసుకు తగిలిన గాయం. పైఅధికారులకు చెబితే ఉద్యోగానికి పనికిరాడంటారేమోనని చాలామంది దాచుకుంటారు.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలోని ఫిలిప్పీ చెరసాల నాయకుడు కూడా విధుల్లో ఉన్న ఉద్యోగే. భూకంపానికి తలుపులు తెరుచుకోగానే, ఖైదీలు పారిపోయారనుకుని ప్రాణం తీసుకోబోయాడు. పౌలు అతణ్ణి నిందించలేదు. హాని చేసుకోవద్దని, తామంతా అక్కడే ఉన్నామని గట్టిగా కేక వేశాడు. ముందు ప్రాణం నిలిపాడు, ఆ తరువాతే వాక్యం చెప్పాడు.

మనం చేయవలసిందీ అదే. ‘అన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడుగుదాం. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, దాచుకున్న బాధ బయటపడుతుంది. అవునంటే ఒంటరిగా వదలవద్దు. హాని చేసే వస్తువులు దగ్గర లేకుండా చూసి, ఆసుపత్రికి తీసుకువెళ్దాం. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణాపాయమైతే 108 లేదా 112. కేసు అవుతుందన్న భయం వద్దు. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలని, శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది.

ప్రార్థన చేద్దాం, వైద్యం కూడా చేయిద్దాం. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘంలోని కానిస్టేబుల్ ఇంటికో, అంబులెన్సు డ్రైవర్ ఇంటికో వెళ్దాం. ‘ఎలా ఉన్నావు?’ అని అడిగి, జవాబు పూర్తిగా వినేదాకా కూర్చుందాం.