నడుమా.. కాస్త కదలవమ్మా!

సికింద్రాబాద్‌లోని కార్ఖానా. ఆదివారం పొద్దున్నే అపార్ట్‌మెంట్‌ గుమ్మం ముందు 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ పెట్టేసి వెళ్లిపోయాడు కుర్రాడు. ఇంటాయన పేపరు పక్కన పెట్టి, నడుం వంచి, ఒక్క ఊపులో ఎత్తారు. 'అబ్బా!'... అంతే. ఆ పూట చికెన్‌ కూర మంచం మీదే తినాల్సొచ్చింది.

ఈ సీను మీ ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది. 2020లో ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 62 కోట్ల మంది నడుంనొప్పితో బాధపడ్డారని అంచనా.

ఇంతకీ ఆ క్షణంలో నడుములో ఏం జరుగుతుంది? జర్మనీలోని ఉల్మ్‌ నగరంలో పరిశోధకులు దాన్నే కొలిచి చూశారు. ఒక వాలంటీరు వెన్ను డిస్కులో సన్నని సెన్సర్‌ పెట్టి రకరకాల పనులు చేయించారు. 1999లో ఫలితాలు బయటికొచ్చాయి. 20 కిలోల బరువును, అంటే అచ్చంగా మన నీళ్ల క్యానంత, వీపు వంచి ఎత్తినప్పుడు డిస్కు మీద ఒత్తిడి మామూలుగా నిల్చున్నప్పటికంటే నాలుగున్నర రెట్లు ఉంది. మోకాళ్లు వంచి ఎత్తితే మూడున్నర రెట్లకు దిగింది. ఎత్తాక ఒంటికి ఆనించి పట్టుకుంటే రెండు రెట్ల పైచిలుకే. అదే బరువును 60 సెంటీమీటర్ల దూరాన పట్టుకుంటే మళ్లీ మూడున్నర! ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగమే అయినా, బరువును ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలని మన హమాలీలకు తెలిసిన కిటుకునే అది లెక్కల్లో చూపించింది.

కాబట్టి క్యాన్‌కి దగ్గరగా నిలబడి, మోకాళ్లు వంచి, పొట్టకి ఆనించుకుని లేవండి. తిరగాలంటే పాదాలతో తిరగండి, నడుం మెలిపెట్టొద్దు. అసలు గుమ్మం దగ్గరే సగం నీళ్లు బిందెలోకి వంపేస్తే గొడవే లేదు. నిండు గ్యాస్‌ బండ దాదాపు 30 కిలోలుంటుంది, దాన్ని ఒంటరిగా ఎత్తే సాహసం చేయకండి.

కూర్చుని.. కూర్చుని..

కార్ఖానా నుంచి హైటెక్‌ సిటీకి క్యాబ్‌లో కూర్చుని వెళ్లడం, అక్కడ ఎనిమిది గంటలు కూర్చోవడం, మళ్లీ కూర్చుని రావడం, ఇంటికొచ్చి సోఫాలో కూలబడటం... చాలామంది దినచర్య ఇదే. 'గూనిగా కూర్చోకు, నిటారుగా కూర్చో' అని పెద్దలు చెబుతూనే ఉంటారు. ఆ మాట సగమే నిజం. ఉల్మ్‌ ప్రయోగంలోనే, కుర్చీలో హాయిగా వెనక్కి వాలినప్పుడు ఒత్తిడి నిల్చున్నప్పటికంటే తక్కువుంది. నిటారుగానైనా సరే, కర్రలా గంటల తరబడి కదలకుండా ఉంటే కండరాలు అలిసిపోతాయి. ఫోనొస్తే లేచి మాట్లాడండి. మంచినీళ్ల సీసా టేబుల్‌ మీద కాకుండా కాస్త దూరంగా పెట్టండి, దాహమేసినప్పుడైనా లేస్తారు! పాదాలు నేలకు ఆనాలి, నడుం వెనక చిన్న దిండుండాలి, స్క్రీను కళ్లకు ఎదురుగా రావాలి. ల్యాప్‌టాప్‌ను మంచమెక్కించకండి.

పొయ్యి దగ్గర నిలబడేవాళ్లు చిన్న పీట వేసుకుని ఒక్కో కాలు మార్చి మార్చి దానిమీద పెడితే హాయిగా ఉంటుంది. ఈ కిటుకు వంట చేసే మగవాళ్లకూ పనికొస్తుంది (ఉంటే).

చెక్కబల్ల అక్కర్లేదు

నడుంనొప్పి అనగానే చెక్కబల్ల మీద పడుకోమంటారు. స్పెయిన్‌లో 313 మంది మీద చేసిన అధ్యయనంలో (2003) బాగా గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉన్న పరుపే మెరుగైంది. నడుం బెల్టులు నొప్పి రాకుండా కాపాడతాయన్నదానికీ ఆధారాల్లేవు.

మరేది కాపాడుతుంది? నడక! నొప్పి తగ్గిన 701 మందితో ఆస్ట్రేలియాలో ఓ పరీక్ష జరిగింది. ఫిజియోథెరపిస్టు సలహాతో నడక పెంచుకుంటూ పోయినవాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది. మిగతావాళ్లకు 112 రోజులే. 2024లో వచ్చిన ఫలితమిది. వాసవి నగర్‌, విక్రంపురి వీధుల్లో పొద్దున్నే నడిచేవాళ్లకు ఇది తియ్యని కబురే.

ఇప్పటికే నడుం పట్టేసిందా? రోజుల తరబడి మంచం పట్టకండి, ఓర్చుకోగలిగినంత మేర అటూ ఇటూ తిరగండి. కానీ కాలు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, కూర్చునే చోట స్పర్శ పోయినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, నొప్పితో పాటు జ్వరం ఉన్నా, పడ్డాక నొప్పి మొదలైనా ఇంటి వైద్యం పెట్టుకోకుండా ఆ రోజే డాక్టర్ని కలవండి.