విశ్వాసము, వివేచన, దోషముగల నాయకుడు

విజ్ఞానశాస్త్రమును ఆధారముగా జేసికొని కల్పింపబడిన టెలివిజన్ నాటకములు మన బాలబాలికల విశ్వాసమును సడలించునా యని కొందఱు తలిదండ్రులు అడుగుచుందురు. అట్టి నాటకములన్నిటికిని చెల్లు నుత్తర మొకటి చెప్పుట నావలన గాదు. ఒక్కదానిని దీసికొని అందేమున్నదో విశదపఱచెదను. అది 1993 మొదలు 1999 వఱకు అమెరికాలో ప్రసారమైన ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్.’

జీన్ రాడన్‌బెరీ 1966లో ఆరంభించిన మొదటి స్టార్ ట్రెక్ నాటకములో ఒక అంతరిక్షనౌక లోకమునుండి లోకమునకు బోవుచుండును. అక్కడి జనులు దేవుడని కొలుచునది ఒక్కొక్కప్పుడు వట్టి యంత్రమని తేలును. నాయకుడు దానిని పాడుచేసి తన దారిని తాను బోవును. రాడన్‌బెరీ 1991లో మరణించెను. నేను చెప్పుచున్న తరువాతి నాటకములో నౌకకు బదులు ఒక స్థిరమైన కేంద్రము గలదు. ఇందలి వారికి వెడలిపోవు సౌకర్యము లేదు. తమకు నచ్చని విశ్వాసముగల పొరుగువారితో నిత్యము కాపురము చేయవలసినదే.

ఆ పొరుగువారు బజోర్ గ్రహవాసులు. ఏబది సంవత్సరములు కార్డాసియనులను పరజాతికి దాసులై, అప్పుడే విడుదల పొందినవారు. వారు కొలుచు దైవములకు ‘ప్రవక్తలు’ అని పేరు. (వీరు యెషయా, యిర్మీయాల వంటి మనుష్యులు గారు, పేరు మాత్రమే యొకటి.) కేంద్రాధిపతియగు బెంజమిన్ సిస్కో భూలోకవాసి, యుద్ధమున భార్యను గోల్పోయి, కుమారుని ఒంటరిగా పెంచుకొనుచున్నవాడు. అతడు అంతరిక్షమున నొక సొరంగమును గనుగొనును. దానిని వర్మ్‌హోల్ అందురు. ఐన్‌స్టీన్, రోజన్ అను పండితులు 1935లో ప్రకటించిన వ్యాసమున ఇట్టి మార్గమును బోలిన గణితరూపము గలదు. కాని నిజమైన దానిని ఇంతవఱకు ఎవ్వరును చూచియుండలేదు. నాటకములోని సొరంగమున కాలమునకు లోబడని ప్రాణులు నివసింతురు. వారు పరలోకజీవులని సిస్కో యెంచును. వారే మా ప్రవక్తలు, వారు పంపిన దూత నీవే యని బజోరువారు అతనితో అందురు. ఆ బిరుదు అతనికి రుచింపదు.

ఉపాధ్యాయుడనగుటచే, 1993లో ప్రసారమైన పాఠశాల కథ నన్ను మిక్కిలి ఆకర్షించినది. కేకో ఓబ్రయన్ అను ఉపాధ్యాయిని ఆ సొరంగమును గూర్చి పాఠము చెప్పుచుండగా, విన్ అను మతగురువమ్మ తరగతిలోనికి వచ్చి, అది ప్రవక్తల నివాసమని బోధింపవలెనని పట్టుబట్టును. కేకో నిరాకరించును. బజోరు తలిదండ్రులు పిల్లలను మాన్పింతురు. ఆ పాఠమునే వదలివేయుమని విన్ రాజీమాట చెప్పినను ఆమె లోబడదు. కొన్నాళ్లకు పాఠశాలలో బాంబు ప్రేలును. ఆ సమయమున లోపల పిల్లలు లేరు.

అంతకు ముందే సిస్కో కుమారుడగు జేక్, 1633లో గెలీలియోకు జరిగిన విచారణను గూర్చి చదివి, ఈ బజోరువారెంత మూఢులని పరిహసించును. తండ్రి వానిని మందలించును. దాస్యకాలమందు వారిని బ్రదికించినది ఆ విశ్వాసమే యనియు, నీవు నమ్మనంత మాత్రమున అది తప్పు గాదనియు, అట్లు తలంచినచో నీవును విన్ వంటివాడవే యగుదువనియు చెప్పును. కేకో యెఱిగిన శాస్త్రమును దాచకుండుట న్యాయమే. అయినను ఎదుట కూర్చున్న పిల్లల యిండ్లలో ప్రతిరాత్రి జరుగు ప్రార్థనను తలంచి మాటలాడినది సిస్కోయే. ఆతని యుత్తరమును సంపూర్ణము గాదు. ఓదార్పు నిచ్చిన దంతయు సత్యమగునా యను ప్రశ్నను ఆ నాటకము మెల్లగా దాటవేసినది. మన పై తరగతులవారు దానిని విడువక అడుగవలెను.

విన్ సంగతి వేఱు. బాంబు వెనుకనున్న ఆలోచన పిల్లల రక్షణ గాదు. తనకు పోటీయగు బరేల్ అను గురువును కేంద్రమునకు రప్పించి చంపించుట. ప్రవక్తలు తనతో ఒక్కసారియైనను మాటలాడలేదని ఆమె కడపటి సంవత్సరమున, 1999లో, ఒప్పుకొనును. కోరినవారికి మౌనము, కోరని సిస్కోకు పిలుపు! ఆ దుష్టురాలిపై నాకు జాలి కలిగినది ఇక్కడనే. విన్‌ను మొదట నమ్మి మోసపోయిన కీరా అను బజోరు యోధురాలు మాత్రము తన విశ్వాసమును విడువలేదు. గురువమ్మను దైవముగా నెంచుట మానినది.

ఇక సిస్కో దోషము. 1998లో ప్రసారమైన కథలో అతని పక్షము యుద్ధమున ఓడిపోవుచుండును; మృతుల జాబితా శుక్రవారము వెంబడి శుక్రవారము వచ్చుచుండును. రోములనులను తన పక్షమునకు దెచ్చుటకై అతడు దొంగసాక్ష్యమును పుట్టించును. అది బయటపడగా, అతనికి తోడ్పడిన గారక్ అను మునుపటి గూఢచారి రోములను ప్రతినిధిని, కూటసాక్ష్యము సిద్ధపఱచినవానిని గూడ చంపించును. ఫలితమో, రోములనులు యుద్ధమున దిగుదురు. సిస్కో గారక్‌ను కొట్టును గాని, జరిగినదానిని సరిదిద్దడు. తన దినచర్యయంత్రము నెదుట జరిగినదంతయు చెప్పి, దీనితో బ్రదుకగలనని తన్ను తాను ఒప్పించుకొనుచు, చివరకు ఆ లేఖనమును చెఱిపివేయును.

ఊరియా చేతికే వాని మరణపత్రిక నిచ్చి పంపిన దావీదు మనకు తెలియును. ఆతనియొద్దకు నాతాను వచ్చెను. సిస్కోయొద్దకు ఎవరును రాలేదు. అతని యొప్పుకోలును వినినది అతడే, తుడిచివేసినదియు అతడే. కొందఱు ప్రేక్షకులు ఈ కథను చూచి అతడు చేసినది యుక్తమే యందురు. రక్షింపబడిన ప్రాణములను లెక్కించినచో వారి వాదమునకు బలము లేకపోలేదు. నేను ఒప్పుకొనను. చంపబడిన యిద్దఱిలో ఒక్కనినైనను సిస్కోకు ముందుగా చూపి అడిగియుండినచో అతడు సరే యనునా?

చిన్న తరగతులవారికి ఈ యుద్ధకథ తగదు. పాఠశాల కథను మాత్రము తలిదండ్రులు పిల్లల ప్రక్కన గూర్చుండి చూడవచ్చును. కేకో, విన్, జేక్ ముగ్గురిలో ఎవరి పక్షమని ముందుగా పిల్లలనే అడుగవలెను.