పెంగ్విన్ పాటలో మంచు అంటే ఏ మంచు?

ఈరోజు టాపిక్ పిల్లల గేయాలు. అందులోనూ ధ్రువాల దగ్గర బతికే జంతువుల మీద రాసేవి. ఫోన్‌లో పిల్లల పాటలు పెడితే చాలు, పెంగ్విన్, తెల్ల ఎలుగుబంటి ఒకే మంచు మీద చేతులు పట్టుకుని డ్యాన్స్ చేస్తుంటాయి, చూసే ఉంటారు.

నిజానికి అవి రెండూ ఎప్పుడూ కలవవు. తెల్ల ఎలుగు ఉండేది ఉత్తరాన, ఆర్కిటిక్‌లో. మంచు మీద బతికే పెంగ్విన్లేమో దక్షిణాన, అంటార్కిటికాలో. మధ్యలో భూగోళం మొత్తం ఉంది! సరే, పాట కదా, వదిలేద్దాం. నాకు ఇంకా పెద్ద లోటుగా అనిపించేది మంచు గురించి.

మన తెలుగులో సంక్రాంతి రోజుల్లో పొద్దున్నే పొలాల మీద కమ్ముకునేదీ మంచే, కశ్మీర్‌లో కురిసేదీ మంచే, ధ్రువాల దగ్గర సముద్రం మీద ఉండేదీ మంచే. అన్నిటికీ ఒకటే మాట. అందుకే పాటలో "మంచు" అని ఊరుకుంటే, మన పిల్లకి పొగలాంటిదేదో గుర్తొస్తుంది. అక్కడిది అది కాదు. అది గడ్డకట్టిన సముద్రం. ఉప్పునీళ్లు సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. ఆ గడ్డే అక్కడి జంతువులకి నేల.

తెల్ల ఎలుగునే తీసుకోండి. సీల్ ఊపిరి కోసం మంచులో ఉన్న కన్నం దగ్గరికి పైకి వస్తుంది. ఎలుగు అక్కడే కాపు కాస్తుంది. మంచు లేకపోతే ఆ వేటే లేదు.

ఇక ఎంపరర్ పెంగ్విన్. తల్లి ఒక్కటే గుడ్డు పెట్టి, తండ్రికి అప్పగించి సముద్రానికి వెళ్లిపోతుంది. తండ్రి ఆ గుడ్డుని పాదాల మీద పెట్టుకుని, పొట్ట చర్మం కప్పి, రెండు నెలలకు పైగా తిండి లేకుండా నిలబడతాడు. చలికాలం, చీకటి, గాలి. తండ్రులంతా గుంపుగా దగ్గరికి చేరి, బయట ఉన్నవాళ్లు లోపలికి, లోపలివాళ్లు బయటికి మారుతుంటారు. ఇంతకంటే మంచి కథ ఏం కావాలండీ పిల్లలకి?

ఇదంతా జరిగేది ఎక్కువగా సముద్రపు మంచు మీదే. పిల్లలకి నీళ్లు అంటని ఈకలు వచ్చేది డిసెంబర్ ప్రాంతంలో. అప్పటిదాకా మంచు విరగకూడదు. 2022లో అంటార్కిటికాలోని బెల్లింగ్స్‌హాసెన్ సముద్రంలో ముందే విరిగిపోయింది. అక్కడ తెలిసిన 5 పెంగ్విన్ స్థావరాల్లో 4 చోట్ల ఆ ఏడాది పిల్లలు బతికే అవకాశమే లేకుండా పోయిందని శాటిలైట్ ఫొటోలు చూసిన శాస్త్రవేత్తలు చెప్పారు.

మరి ఇది చిన్నపిల్లలకి చెప్పాలా? భయపెట్టాలని నేననను. మూడేళ్ల పిల్లకి చావు లెక్కలు అక్కర్లేదు. కానీ మంచు బొమ్మ వెనకాల తెల్లరంగు కాదు, అది ఆ పిల్ల పెంగ్విన్ ఉయ్యాల అని చెప్పొచ్చు. నేనైతే ఇలా రాసుకున్నాను:

నాన్న పాదాల మీద గుడ్డు,
పాదాల కింద గడ్డకట్టిన సంద్రం.
విరగకు విరగకు మంచు నేలా,
పిల్లకి కొత్త ఈకలొచ్చేదాకా!

గొప్ప కవిత్వమేం కాదు. కానీ విన్న పిల్ల "విరిగితే ఏమవుతుంది?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న కోసమే ఈ పాట. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే మీరూ నాలుగు లైన్లు కట్టి పాడండి.